దూరంగా కూర్చుంటే నిజం దొరకదు

జెండర్, లైంగికతలపై పరిశోధించేవాళ్లు ఆ మనుషుల బాగోగుల్లో తలదూరిస్తే పక్షపాతం వస్తుందన్న నమ్మకం మన విశ్వవిద్యాలయాల్లో బలంగా ఉంది. సేవారంగంలోనూ దీనికి జోడు మాట ఒకటుంది: కష్టంలో ఉన్నవాళ్ల ముందు సర్వే కాగితాలు పరచడమేమిటని. రెండూ తప్పే.

1992లో డాక్టర్ స్మరజిత్ జానా హెచ్.ఐ.వి. సర్వే కోసం కలకత్తాలో సెక్స్ వర్కర్లుండే సోనాగాచికి వెళ్లారు. కండోమ్ క్రమం తప్పక వాడేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరని తేలింది. ఆ అంకెతో వెనక్కి వచ్చేసినవారెవరైనా ‘అవగాహన లేదు’ అని రాసి ఊరుకునేవారు. జానా బృందం అక్కడే క్లినిక్ నడిపింది. ఆ వృత్తిలోని మహిళలనే కార్యకర్తలుగా తీసుకుంది. రోజూ వాళ్ల మధ్య మసలడంతో అసలు సంగతి బయటపడింది. కండోమ్ సంగతి తెలిసినా, వద్దన్న విటుణ్ణి వెనక్కి పంపే స్థోమత ఆ మహిళలకు లేదు. నెత్తిమీద వడ్డీవ్యాపారి అప్పు, గుమ్మంలో పోలీసు భయం. అందుకే 1995లో వాళ్ల హక్కుల కోసం దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ, పొదుపు, అప్పుల కోసం ఉష సహకార సంఘం పుట్టాయి. రోగం లెక్కతో మొదలైన పరిశోధన పొదుపు ఖాతా దాకా వెళ్లిందంటే, కారణం అక్కడుంది గనుకే వెళ్లింది.

ఇలాంటి పనిలో శాస్త్రీయత పలచబడుతుందంటారు. సోనాగాచి పద్ధతిని ఒక చిన్న పట్టణంలో అమలుచేసి, అమలుచేయని మరో పట్టణంతో పోల్చి చూశారు. 2004లో అచ్చయిన వ్యాసం ప్రకారం కండోమ్ వాడకం మొదటి చోట 39 శాతం, రెండో చోట 11 శాతం పెరిగింది. ఆ వ్యాసకర్తల్లో జానా ఒకరు. పక్షపాతాన్ని అరికట్టేది దూరం కాదు; పోలిక, ఇతరులు తనిఖీ చేయగల లెక్క.

అసలు, చట్టం నేరస్థుడిగా చూసే మనిషి నోట్‌బుక్ పట్టుకొచ్చిన అపరిచితుడికి తన బతుకు ఎందుకు చెబుతాడు? తన పక్షాన నిలబడినవాళ్లకే చెబుతాడు. స్వలింగ ప్రేమికుల స్థితిగతులపై 1991లో ‘లెస్ దేన్ గే’ నివేదిక తెచ్చింది ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే ఉద్యమ సంఘం. స్వలింగ సంబంధాలను అప్పట్లో నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను 1994లో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసిందీ అదే.

ఒక ప్రమాదం మాత్రం నిజం. మందిచ్చే చేయే ప్రశ్నలడిగితే కాదనడానికి అవతలివాళ్లు జంకుతారు. జవాబివ్వకపోయినా మందు ఆగదని ముందే చెప్పాలి. ప్రశ్నలడిగేది వేరేవాళ్లయితే ఇంకా మంచిది. ఇందుకు జాగ్రత్త చాలు, నిషేధం అక్కర్లేదు.

సెక్స్ వర్కర్ల హక్కులపై సుప్రీంకోర్టు 2011లో వేసిన ప్యానెల్‌లో దుర్బార్, ఉష సంఘాలకు చోటిచ్చింది. 2022 మే 19న పోలీసులకు, ప్రభుత్వాలకు ఇచ్చిన ఆదేశాలు ఆ ప్యానెల్ సిఫార్సుల ఆధారంగా వచ్చినవే. అత్యున్నత న్యాయస్థానం నమ్మిన అనుభవాన్ని విశ్వవిద్యాలయం ఎందుకు నమ్మదు? తెలుగు రాష్ట్రాల్లో ఎం.ఎస్.డబ్ల్యు. (సమాజసేవ పీజీ) విద్యార్థులు ఫీల్డ్‌వర్క్‌లో రాసే రికార్డులు మార్కులు పడగానే అటకెక్కకూడదు. సంబంధితుల అనుమతితో, పేర్లు తీసేసి, వాటిని పరిశోధనకు వనరుగా స్వీకరించే పని ఆచార్యులు ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.