నీళ్లు కారే పొడికన్ను



"అయ్యగారూ, నా కళ్లవెంట ఊరికే నీళ్లు కారుతుంటే, డాక్టరుగారు కళ్లు ఎండిపోయాయంటారేమిటి?" అని మా సంఘంలో ఒక తల్లి అడిగారు. ఆమె సందేహం న్యాయమైనదే. కన్నీరంటే వట్టి నీళ్లు కాదు. రెప్పల అంచుల్లోని సన్నని గ్రంథులనుండి ఊరే నూనె ఆ నీటిపై పొరగా నిలిచి, అది ఆరిపోకుండా కాపాడుతుంది. నూనె తగ్గితే నీరు త్వరగా ఆవిరైపోతుంది. మిగిలిన తడిలో ఉప్పదనం హెచ్చి కంటి పైపొర రేగుతుంది. ఆ మంటకు కన్ను గబగబా నీళ్లు కారుస్తుంది గాని, అవి నిలువవు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రేగినచోట వాపు పుడుతుంది. ఆ వాపు కన్నీటిని తయారుచేసే కణాలనే దెబ్బతీస్తుంది. దానితో కన్ను మరింత ఎండుతుంది, వాపు మరింత పెరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్లు ఏండ్ల తరబడి ఇదే తిరుగుడు. అందుకే కన్నీటికి బదులు వేసుకొనే చుక్కలు హాయినిస్తాయి గాని, చాలాకాలంగా బాధపడేవారికి అవి ఒక్కటే చాలవు. వాపు తగ్గాలి.

ఇంట్లో చేయగలిగినది వేడి కాపడం. శుభ్రమైన గుడ్డను చర్మం ఓర్చుకొనేంత వేడినీటిలో ముంచి పిండి, మూసిన రెప్పలపై 5 నుండి 10 నిమిషాలు ఉంచాలి. గుడ్డ చల్లారగానే మళ్లీ ముంచాలి. ఒక్కసారి పెట్టి తీసేస్తే ప్రయోజనం లేదు. తరువాత రెప్పలను అంచులవైపు మెల్లగా రాయండి. కట్టెలపొయ్యి పొగ, మిరపకల్లంలో ఘాటు, ముఖానికి కొట్టే ఫ్యాను గాలి తప్పించుకోండి. చేపనూనె మాత్రల విషయమంటారా? 2018లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో అవి ఆలివ్ నూనె మాత్రలకంటే ఎక్కువ మేలు చేయలేదు. వాటికి డబ్బు పోయనక్కరలేదని నా తలంపు. చేపలకూర సంగతి వేరు, సంతోషంగా తినండి!

డాక్టర్లు వాపుకు వాడే మందుల్లో సైక్లోస్పోరిన్ చుక్కలు ఒకటి. అమెరికా ప్రభుత్వం 2002లో దానికి అనుమతినిచ్చింది. వేయగానే మండుతుంది, గుణం కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పది రోజులు చూసి సీసా మూలన పడేస్తే మందుది తప్పు కాదు.

స్టెరాయిడ్ చుక్కలు ఇందుకు భిన్నం. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, మంట పోతుంది. డాక్టర్లు కూడా కొద్దివారాలు, కంటిలో ఒత్తిడి పరీక్షిస్తూ వాడతారు. అయితే పాత చీటీ చూపించి మందుల షాపులో కొని నెలల తరబడి వేసుకుంటే కొందరికి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. నొప్పి ఉండదు, చూపు ప్రక్కలనుండి మెల్లగా పోతుంది. శుక్లానికైతే ఆపరేషన్ ఉంది, నీటికాసులవల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. కోతల్లో వరికంకి గీసుకున్న కంటిలో ఈ చుక్కలు వేస్తే పుండు ముదిరిపోవచ్చు.

కాబట్టి మీ ఇంట్లోని సీసాలు ఒకసారి తీయండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అది స్టెరాయిడే. ఎన్నాళ్లుగా వాడుతున్నారో లెక్కవేసుకొని, ఆ సీసాతోనే కంటి డాక్టరు వద్దకు వెళ్లండి. నోరుకూడా ఎండిపోతూ కీళ్లనొప్పులుంటే ఆ మాటకూడా ఆయనతో చెప్పండి.