కెమెరా పట్టిన వేటగాళ్ళు

తుపాకీ పట్టుకుని చెరువుకట్ట మీద నిలబడ్డవాణ్ణి చూస్తే మనం కేకలేస్తాం. మూరెడు గొట్టం బిగించిన కెమెరా పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూస్తే మాత్రం కుర్చీ వేసి, టీ తెప్పించి, "ఏ పేపర్లో పడుతుందండీ?" అని అడుగుతాం. కాలం మారినందుకు సంతోషించవలసిందే. కాకపోతే ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాక, గూటికి పిట్ట తిరిగొచ్చిందో లేదో ఎవరమూ చూడం. నా తగాదా అంతా అక్కడే.

పాకాల, లక్నవరం దాకా పోయే కెమెరాలు ఈ మధ్య కొడకండ్ల చుట్టుపక్కల కుంటల దగ్గర కూడా ఆగుతున్నాయి. ఆగనివ్వండి, చెరువు ఎవరి సొత్తూ కాదు. అయితే చెరువంటే నీళ్ళు మాత్రమే కాదని, దానికి మూడు కాలాల్లో మూడు కాపురాలున్నాయని తెలుసుకుని ఆగితే బాగుంటుంది.

వానకాలంలో చెరువు మత్తడి దూకి, తామరాకులు పరుచుకున్నాక, పొడుగాటి కాలివేళ్ళతో ఆ ఆకుల మీద పరుగులు తీసే పిట్టొకటి వస్తుంది. జకానా అంటారు. దాని సంసారం వింటే మా ఆడవాళ్ళకి నవ్వొస్తుంది, మగవాళ్ళకి కోపమొస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టేసి ఇంకో మగడి దగ్గరికి వెళ్ళిపోతుంది. పొదగడం, పిల్లల్ని సాకడం అన్నీ ఈ మహానుభావుడి వంతే! అలాంటివాడు గుడ్ల మీద కూర్చున్నప్పుడు మోకాటిలోతు నీళ్ళలో దిగి, "కాస్త ఇటు తిరుగు నాయనా" అన్నట్టు చప్పట్లు కొట్టడం ఏం మర్యాద?

చలికాలంలో ఉత్తరాది బాతులు, ఉలంకులు దిగుతాయి. తల మీద రెండు నల్ల చారలున్న హంసబాతులైతే టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాల్ని దాటుకుని వస్తాయి. అవి బురదలో తినే తిండి వాటి తిరుగు ప్రయాణానికి దారిబత్తెం. రెక్కలు విప్పిన బొమ్మ కావాలని మనవాళ్ళు వాటి మీదికి ఓ గులకరాయి విసురుతారు. గుంపంతా లేస్తుంది, బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. ఇంకొకాయన వస్తాడు, ఇంకో రాయి. వలస అంటే ఏమిటో కొడకండ్లకి ఒకరు చెప్పాలా? మగ్గం కూడు పెట్టక సూరత్, భివండీ పోయిన నేతగాళ్ళ ఊరిది. పరాయిచోట గంజి తాగుతున్న మనిషిని పదిసార్లు విస్తరి ముందునుంచి లేపితే ఎలా వుంటుందో ఇక్కడివాళ్ళకి తెలుసు.

ఎండాకాలం సంగతి మరీ ఘోరం. నీళ్ళు వెనక్కి తగ్గి శిఖం బయటపడ్డాక, తీతువు నేల మీదే, గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. పుల్లా పుడకా పేర్చిన గూడేమీ వుండదు. రోహిణికార్తె ఎండలో ఆ గుడ్లు ఉడికిపోకుండా తల్లిదండ్రులు వంతులేసుకుని నీడపడతాయి. నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తాయి. అలాంటప్పుడు కెమెరా కాళ్ళు పాతి అరగంట కూర్చుంటే పిట్ట పైన తిరుగుతూ అరుస్తూనే వుంటుంది. ఆ అరుపుని మనం అపశకునం అంటాం. శకునం దానికే బాగాలేదు పాపం!

"మేం చంపడం లేదుగా, ప్రేమతోనే కదా తీస్తున్నాం" అంటారు. చట్టం ఆ మాట ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాటకి అర్థం చెబుతూ, అడవి పక్షుల గుడ్లని గానీ గూళ్ళని గానీ కలతపెట్టడాన్ని కూడా అందులోనే చేర్చింది. వేటకి తుపాకే వుండాలన్న నియమమేమీ లేదు.

ఇంకో వాదన వుంది. ఫోటోలు చూస్తేనే జనానికి పిట్టల మీద ప్రేమ పుడుతుందని. కొంత నిజమే, కాదనను. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతటా పక్షుల్ని సర్వే చేసిన రోజుల్లో, నమూనా కోసం పిట్టని కాల్చి తీసుకోవడమే పద్ధతి. కెమెరా ఆ అవసరాన్ని చాలావరకు తప్పించింది. దానికి దణ్ణం పెట్టవలసిందే. అయితే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే పెలికాన్లని, కొంగల్ని ఆ పల్లెవాళ్ళు ఏ ఫోటో చూసి కాపాడారు? అనంతపురం వైపు వీరాపురంలో కొంగలొస్తే ఊరికి మంచిదని నమ్మిన రైతులకి ఏ కెమెరా నేర్పింది? ఏటేటా వస్తున్న అతిథిని చూసి చూసి పెంచుకున్న ప్రేమ అది. ఒక్క ఆదివారం కారులో వచ్చి, వంద బొమ్మలు తీసుకుని పోయేవాళ్ళకి దొరికేది కాదు.

మనకు దగ్గర్లోనే, పాలకుర్తి పక్కన, వల్మిడి వుంది. వాల్మీకి అక్కడే వున్నాడని ఇక్కడివాళ్ళ నమ్మకం. జంటగా వున్న క్రౌంచపక్షుల్లో ఒకదాన్ని బోయవాడు కొడితే ఆ మహర్షి శోకం శ్లోకమైందంటారు. ఈ నేల మీద నిలబడి జంటని విడదీసి ఫోటో తీసేవాళ్ళు ఆ కథలో తామెవరో ఆలోచించుకోవాలి.

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. కట్ట దిగకండి. గూటి జోలికి పోకండి. అడ్డమొచ్చిందని కొమ్మ విరవకండి. రికార్డు చేసిన కూతలు వినిపించి మగపిట్టని మోసం చేయకండి. గూడున్న చోటు పదిమందికీ చాటకండి. పిట్ట తనంతట తాను ఎగిరేదాకా ఓపికపట్టండి. ఎగరకపోతే ఇంటికెళ్ళిపోండి. ఆ రోజు మీకు ఒక ఫోటో తగ్గుతుంది. తీతువుకి మాత్రం నాలుగు పిల్లలు మిగులుతాయి.