ఇఖామా మీద ఒక పని, చేసేది ఇంకో పని

సౌదీకి మనిషిని పంపే ఇంట్లో ముందు అడిగేది జీతం ఎంత అని. తర్వాత కఫీల్ ఎలాంటోడు, రూమ్ ఎక్కడ, తిండి ఎవరిది అని. వీసా మీద పేషా ఏమని రాసి ఉందో మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. ఏజెంట్ కూడా చెప్పడు, చెప్పినా "అదంతా కాగితం వరకే భాయ్, అక్కడికి పోయాక ఏ పనైనా చేసుకోవచ్చు" అంటాడు. 2011 నుంచి ఇప్పటిదాకా గల్ఫ్‌లో మన వాళ్లు తిన్న దెబ్బల్లో పెద్దవన్నీ ఈ ఒక్క మాట దగ్గరే మొదలయ్యాయి.

సౌదీ కార్మిక చట్టం ఈ విషయంలో సూటిగానే ఉంది. పర్మిట్‌లో రాసిన వృత్తి తప్ప వేరే పని చేయించకూడదని 38వ ఆర్టికల్ చెబుతుంది. ఒక కఫీల్ కింద వచ్చినవాడు ఇంకొకరి దగ్గర గానీ, సొంతంగా గానీ పని చేయకూడదని 39వది చెబుతుంది. ఈ రెండింటినీ పక్కన పెట్టుకుని చూస్తే మన బస్తీల్లో "ఆజాద్ వీసా", "ఫ్రీ వీసా" అని అమ్మేది ఏమిటో తేలిపోతుంది. అలాంటి వీసా చట్టంలో ఎక్కడా లేదు. అది మామూలు వీసానే. కఫీల్ దాన్ని డబ్బుకు అమ్ముకుని, ఏటా ఇంత అని తీసుకుంటూ, మనిషిని బయట వదిలేస్తాడు. ఆజాదీ కఫీల్‌కే. పనివాడికి మాత్రం ఎప్పుడు చెకింగ్ వస్తుందో, ఎప్పుడు కఫీల్ "హురూబ్" పెడతాడో అన్న భయం. పారిపోయాడని ఒకసారి నమోదైతే ఇఖామా రెన్యూవల్ ఆగిపోతుంది, పట్టుకుంటే జైలు, ఆ పైన డిపోర్టేషన్.

చాలా ఏళ్లు ఇది చూసీ చూడనట్టు నడిచింది. 2011లో నితాఖాత్ వచ్చింది. ఏ కంపెనీలో ఎంత శాతం సౌదీలు ఉన్నారో లెక్కకట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ప్లాటినం అని రంగులు వేశారు. ఎరుపులో పడ్డ కంపెనీ తన విదేశీ కార్మికుల పర్మిట్లు రెన్యూ చేయించలేదు. 2013 మార్చిలో చట్టం సవరించి, వేరే చోట పని చేస్తున్నవాళ్ల మీద గట్టిగా పడ్డారు. మొదట జులై 3 వరకు, తర్వాత నవంబర్ మొదటి వారం వరకు గడువు ఇచ్చారు. స్టేటస్ సరిచేసుకో, లేకపోతే ఇంటికి పో అన్నారు. ఆజాద్ వీసా మీద పోయి డ్రైవర్‌గా, సేల్స్‌మన్‌గా స్థిరపడ్డవాళ్లు ఆ కొద్ది నెలల్లో కఫీల్ కోసం తిరిగారు. దొరికినవాడు కొత్త కఫాలత్‌కు రేటు పెట్టాడు, దొరకనివాడు విమానం ఎక్కాడు.

ఆ తర్వాత వచ్చింది మరో రకం నిబంధన. కంపెనీకి ఇంత శాతం అని కాదు, ఫలానా పని విదేశీయుడు చేయనే కూడదు అని. 2016 జూన్ నుంచి మొబైల్ షాపుల్లో సగం మంది, సెప్టెంబర్ నుంచి మొత్తం సౌదీలే ఉండాలన్నారు. అమ్మకమే కాదు, రిపేర్ కూడా. 2018 మార్చిలో రెంట్ కార్ ఆఫీసుల వంతు. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి 2019 జనవరి వరకు దశలవారీగా 12 రకాల దుకాణాల్లో 70 శాతం ఉద్యోగాలు సౌదీలకే అన్నారు: రెడీమేడ్ బట్టలు, ఫర్నిచర్, వంటసామాను, కార్ల షోరూమ్, గడియారాలు, కళ్లద్దాలు, ఎలక్ట్రికల్ సామాను, స్పేర్ పార్టులు, తివాచీలు, మిఠాయిలు, ఇలా.

ఈ జాబితాను హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్ ముస్లిం ఇళ్ల నుంచి చూస్తే దాని అర్థం వేరు. ఇంట్లో ఉర్దూ, మదరసాలో అరబీ అక్షరం, బజార్‌లో తెలుగు. ఇలాంటి కుర్రాడికి డిగ్రీ లేకపోయినా ఏడాదిలో అరబీ మాటలు వచ్చేస్తాయి. అందుకే కౌంటర్ దగ్గర నిలబడే పనులు, ఫోన్ రిపేర్, షోరూమ్ పనులు అతనికి అందేవి. ఎండలో కాకుండా ఏసీలో, కూలీగా కాకుండా సేల్స్‌మన్‌గా. సరిగ్గా ఆ మెట్టునే తీసేశారు. తాపీ పని, డ్రైనేజీ, గొర్రెల కాపలా, తోట పని మీద ఏ షరతూ పెట్టలేదు, ఎందుకంటే వాటికి సౌదీ కుర్రాళ్లు రారు. అంటే నిబంధన విదేశీయుణ్ని దేశం నుంచి పొమ్మనలేదు, షాపులోంచి బయటికి పోయి ఎండలో నిలబడమంది.

దీని మీద ఫీజులు. 2017 జులై నుంచి భార్యాపిల్లల్లో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు, ఏటా వంద చొప్పున పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1,600. అదీ ఇఖామా రెన్యూ చేసేటప్పుడు ముందుగా కట్టాలి. 4 వేల జీతంలో ఇది పోతే ఇంటి కిరాయికి ఏం మిగులుతుంది? ఆ ఏళ్లలో జిద్దా, రియాద్ నుంచి కుటుంబాలు వెనక్కి రావడానికి ఉద్యోగం పోవడం ఒక్కటే కారణం కాదు. ఉద్యోగం ఉన్నవాళ్లూ పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో దించి ఒంటరిగా తిరిగి వెళ్లారు.

సౌదీ వైపు వాదనను కొట్టిపారేయలేం. 2018లో అక్కడి పౌరుల్లో నిరుద్యోగం 12 శాతం దాటింది. తమ పిల్లలకు తమ దేశంలో ఉద్యోగం కావాలనడం తప్పు కాదు. తెలంగాణకు ఈ వాదన కొత్తదీ కాదు. 1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల కోసం 1952లో వరంగల్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు, అది హైదరాబాద్ సిటీ కాలేజీ కాల్పుల దాకా పోయింది. 1969 కూడా ఉద్యోగాల గొడవతోనే మొదలైంది. ఇప్పటికీ మహబూబాబాద్ జిల్లా గంగారం లాంటి ఏజెన్సీ మండలంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు భూమి కొనలేడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3 సుప్రీంకోర్టు కొట్టేసే వరకు, అంటే 2020 ఏప్రిల్ వరకు నడిచింది. కాబట్టి గంగారంలో కిరాణా కొట్టు నడుపుకునే ముస్లిం కుటుంబానికి "ఇక్కడ ఈ పని నీది కాదు" అన్న చట్టం గురించి రియాద్‌కు పోయి తెలుసుకోవాల్సిన పని లేదు.

కానీ ఒక తేడా ఉంది. ముల్కీ నిబంధన సర్కారు నౌకరీల గురించి. బయటివాడు అబిడ్స్‌లో దుకాణం పెట్టుకుంటే, ఇంకొకరి దుకాణంలో పని చేస్తే ఎవరూ ఆపలేదు. పైగా 15 ఏళ్లు ఇక్కడ ఉంటే అతనూ ముల్కీ అయ్యేవాడు. గల్ఫ్‌లో 15 కాదు 40 ఏళ్లు ఉన్నా, అక్కడే పుట్టినా, మనిషి పరాయివాడే. 2019లో సౌదీ 8 లక్షల రియాళ్లకు శాశ్వత ప్రీమియం ఇఖామా అని పెట్టింది. అంత కట్టినవాడికి కఫీల్ అక్కర్లేదు. అయినా విదేశీయులకు నిషేధించిన వృత్తులు అతనికీ నిషేధమే.

కువైట్‌లో ఇదే కథ వీసా నంబర్లతో నడుస్తుంది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయే ఆడవాళ్లు, డ్రైవర్లు ఎక్కువమంది 20 నంబర్ ఖాదిమ్ వీసా మీదే పోతారు. ఆ వీసాతో ఇంటి పనే చేయాలి. హోటల్లో, షాపులో చేయాలంటే 18 నంబర్ కావాలి. 20 నుంచి 18కి మారడానికి 2024లో జులై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు మాత్రం తలుపు తెరిచి మూసేశారు. సౌదీ 2021 మార్చిలో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు ఇచ్చినప్పుడు కూడా ఇంటి డ్రైవర్, పనిమనిషి, తోటమాలి, కాపరి అందులో లేరు. చట్టం సడలినప్పుడు కూడా లాభం పేషాను బట్టే వస్తుందన్నమాట. ఇంటి డ్రైవర్ వీసా తక్కువకు వస్తోందని ఎలక్ట్రీషియన్ కొడుకును దాని మీద పంపేవాళ్లు ముందు ఇది చూడాలి.

పదో తరగతి పాస్ కానివాళ్ల ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉంటే గల్ఫ్ ఉద్యోగానికి ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నాడంటే అతను వీసా అమ్ముతున్నాడు. విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా అనేవాడి దగ్గర కాంట్రాక్టూ ఉండదు, 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు.

ఇక వీసా కాగితం. ఉర్దూ చదివే వాళ్లు ఇంట్లో ఒక్కరున్నా అందులోని అరబీ పదం పట్టుకోవడం కష్టం కాదు. "సాయిఖ్ ఖాస్" అంటే ఇంటి డ్రైవర్, కంపెనీ డ్రైవర్ కాదు. "రాయీ" అంటే కాపరి. "ఆమిల్" అంటే కూలీ. "ఆమిల్ మన్జిలీ" అంటే ఇంటి పనివాడు. "బాయిఅ్" అంటే సేల్స్‌మన్. ఏజెంట్ నోటితో సూపర్‌మార్కెట్ అని చెప్పి, కాగితం మీద "రాయీ" ఉంటే, డబ్బు ఇంకా చేతిలోనే ఉండగా అడగాల్సిన ప్రశ్న అది.