జీఎంటీ ముల్లు మనకెందుకు?

వాచీలో టైముతో పాటు ఇంకేం చూపించినా దాన్ని కాంప్లికేషన్ అంటారు. క్లయింటు అమెరికాలో ఉన్నాడు కాబట్టి మన ఐటీ జనాలకి జీఎంటీ ముల్లే బెస్టని మా టీములో ఒకటే గోల. నేనొప్పుకోను. ఆ ముల్లు ఇంకో ఊరి గంట చూపిస్తుంది సరే, నిమిషాల ముల్లు రెండు ఊళ్లకీ ఒక్కటేగా! న్యూయార్క్‌కీ మనకీ తేడా ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర. ఆ అరగంట ఎప్పుడూ మనమే లెక్కేసుకోవాలి. (లండన్ వాడికీ సింగపూర్ వాడికీ ఈ బాధ లేదు.)

నా ఓటు వారం, తేదీ చూపించే డే-డేట్‌కే. మన నాన్నల కాలం హెచ్ఎంటీ కాంచన్‌లో ఉన్నదదే. రాత్రి కాల్స్ చేసేవాడికి ఇవాళ ఏ వారమో గుర్తుండి చస్తే కదా!

ఒక్కటే జాగ్రత్త. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ చేత్తో మార్చకూడదు. ఆ టైములో లోపలి చక్రం తేదీ బిళ్లని తిప్పే పనిలో ఉంటుంది. నేను కాల్ అయ్యాక అర్ధరాత్రి తిప్పి పన్ను విరగ్గొట్టాను. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కెళ్లే దారిలో ఓ ముసలాయన భూతద్దం పెట్టి చూసి, "నైట్ డ్యూటీ కర్తే క్యా భాయ్?" అన్నాడు. ఇంకో పాత వాచీలోంచి చక్రం తీసి వేశాడు. డబ్బులిస్తుంటే నా చేతికున్న వాచీ చూసి, టైము ఇంకా రాత్రి పదే ఉందని తనే ముల్లు తిప్పి ఇచ్చాడు.