రూలు మీది, శిక్ష పిల్లలకా?

పోటీకి ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి. తనిఖీ బల్ల ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి రోబో చేతిని విప్పుతోంది. వేళ్లు వణికి స్క్రూ మాటిమాటికీ జారిపోతోంది. ఆమె చేసిన తప్పల్లా రాణీగంజ్‌లో కొన్న అల్యూమినియం క్లాంపు వాడడం. రూల్స్ పుస్తకంలో ‘తగిన విడిభాగాలు వాడవచ్చు’ అని ఉంది. ఏది తగినదో తేల్చేదెవరు? పొద్దున ఒక తనిఖీదారు సరేనన్నాడు. గంట తర్వాత ఇంకొకాయన కుదరదన్నాడు. ఆ జట్టుకు కోచ్‌ని నేనే. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

కఠినమైన రూల్స్ అంటే నాకు పేచీ లేదు. కట్టడి ఉంటేనే బుర్రకు పదును. అమెరికాలో పుట్టి మన దేశానికీ వచ్చిన ఫస్ట్ టెక్ ఛాలెంజ్, వెక్స్ వీ5 పోటీలు చూడండి. రెండింట్లోనూ ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలి. మొదటిదాంట్లో 3డీ ప్రింటర్‌తో భాగాలు చేసుకోవచ్చు, మోటార్లు మాత్రం 8 మించకూడదు. రెండోదాంట్లో స్కూలు పిల్లలు రోబోను నడిపే భాగాలు ప్రింట్ చేసుకోకూడదు. ఇటీవలి సీజన్లలో మోటార్ల శక్తి అంతా కలిపి 88 వాట్లు దాటకూడదు. దారులు వేరైనా రెండూ హద్దులను అంకెల్లో చెప్పాయి. పిల్లలు ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకోవచ్చు. సందేహమొస్తే అధికారికంగా అడగొచ్చు, ఆ జవాబు అన్ని జట్లకూ కనిపిస్తుంది.

మేం వెళ్లిన పోటీలో నిర్వాహకుడి ఫోన్ నంబరు తెలిసినవాళ్లకే జవాబు దొరికింది. రూల్లో గజిబిజి ఉంటే నలిగేది లేనివాళ్లే. డబ్బున్న స్కూలు ఇంకో భాగం తెప్పించుకుంటుంది. మా జిల్లా పరిషత్ స్కూలు పిల్లల దగ్గర ఉన్నది ఆ ఒక్క క్లాంపే.

నిర్వాహకులారా, ‘తగిన’, ‘తత్సమానమైన’ అన్న మాటలు కొట్టేయండి. ఏ భాగం చెల్లుతుందో, ఏది చెల్లదో, ఎందుకు చెల్లదో బొమ్మ వేసి రాయండి. తెలుగులోనూ రాయండి. ఒక జట్టుకిచ్చిన జవాబు అందరికీ పంపండి. పుస్తకంలో లేని అభ్యంతరాన్ని తనిఖీ బల్ల దగ్గర పుట్టించకండి. మీ వాక్యానికి రెండర్థాలు వస్తుంటే తీర్పు పిల్లల వైపే మొగ్గాలి.

ఆ అమ్మాయి నాలుగు నెలలు కూర్చుని చేసిన చేయి ఆ రోజు సంచిలోనే ఉండిపోయింది.