గ్రంథాలయపు బల్ల దగ్గర ఇంటర్నెట్టు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతును, ఈ ఏడు నీరు వచ్చినదా యని అడిగినచో, తూములో ఎన్ని క్యూసెక్కులు విడిచిరో చెప్పడు. చివరి మడి తడిసినదో లేదో చెప్పును. ఆ ప్రాజెక్టు సాధనకై ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు పడిన పాటు నెఱిగిన ఈ మెట్టసీమ, గ్రంథాలయములలోని ఇంటర్నెట్టును గూడ అదే కొలతతో కొలువవలెనని నా అభిప్రాయము.

నేడు పఠనమందిరములలో దినపత్రికలు చదువు పెద్దల సరసన పోటీ పరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు కూర్చుండుచున్నారు. దరఖాస్తుల గడువు ముగియు సాయంకాలము వారి అవస్థ చూడవలెను: ఫొటోను, సంతకమును కోరినన్ని కిలోబైట్లకు కుదించి, వివరము లన్నియు నింపి, ‘సబ్మిట్’ నొక్కినంతనే తెరపై చక్రము తిరుగ నారంభించును, ఓటీపీ వచ్చుసరికి పేజీ గడువు తీరిపోవును, మరల మొదటినుండి నింపవలెను. తుదకు నెట్ సెంటరుకు పరుగిడి, చేతిలోని సొమ్ము వెచ్చింపవలసినదే. ఇంట వైఫై గలవానికి లేని ఈ దండన లేనివానికే పడుట ఏమి న్యాయము?

సెకనుకు 20 మెగాబిట్ల లైనును ఇరువదిమంది ఏకకాలమున వాడినచో ఒక్కొక్కరికి దక్కునది సుమారు ఒక మెగాబిట్టు; అందులో నలుగురు వీడియో పాఠములు తెఱచిరా, తక్కినవారి గతి చెప్పనక్కరలేదు. పైగా పాత రాగితీగ కనెక్షన్లలో ఫైళ్లు దించుకొను వేగముకంటె ఎక్కించు వేగము చాల తక్కువ. దరఖాస్తుదారునకు అక్కరవచ్చునది ఆ రెండవదియే. వైఫై పెట్టె ఒక గదిలో, పాఠకులు రెండు గోడల కావల ఉన్నచో, సిగ్నలులో కొంత గోడలే మ్రింగును.

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి; 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకములను నడిపి, పాఠకు డున్నచోటికే గ్రంథమును చేర్చిరి. విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరు తీగలు పల్లెలకు సాగిన ఈ కాలమున, గుమ్మము దాక వచ్చిన దానిని బల్ల దాక చేర్చలేకుంటి మనుట వారి వారసులకు తగదు. అమెరికాలో 1996 నాటి టెలికాం చట్టము, బడులకును గ్రంథాలయములకును కనెక్షన్లపై రాయితీ కల్పించినది. మనకును ఆదరువు లేకపోలేదు: 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలగుచున్నది. ఆ సొమ్మును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయక బకాయి పెట్టుట పాత జబ్బు.

కావున ప్రతి శాఖా గ్రంథాలయమునందును సాయంకాలపు రద్దీ వేళ, చిట్టచివరి బల్ల దగ్గర, దించుకొను, ఎక్కించు వేగములు రెంటిని కొలిచి బోర్డుపై వ్రాయింపవలెను. పాఠకులారా, ఈసారి ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు, మీరు కట్టిన సెస్సు గ్రంథాలయ సంస్థకు జమయైనదా యని ఆ రసీదు నిచ్చిన కార్యాలయములోనే అడుగుడు.