‘ఇంట్లోంచి పోతా’ అంటే ‘పో’ అనకండి

“నేను ఇంట్లోంచి వెళ్ళిపోతా!” పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వినబడే మాటే ఇది. అనేది అయిదేళ్ళవాడో, ఏడేళ్ళ పిల్లో. కారణం చూస్తే చాలా చిన్నది. టీవీ కట్టేశారనో, చేతిలో ఫోను లాక్కున్నారనో, తమ్ముణ్ణి ఏమీ అనకుండా తననే తిట్టారనో. బడిసంచీలో ఒక చొక్కా, ఒక బొమ్మ, రెండు బిస్కెట్లు కుక్కుకుని గడప దాకా వెళతారు. అక్కడ ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. పెద్దవాళ్ళకి నవ్వొస్తుంది.

ఆ తిరిగి చూడటాన్ని మనం పట్టించుకోవాలంటాను నేను. ఆ వయసు పిల్లలకి ఊరొదిలి పోవాలని ఉండదు. ‘నేను లేకపోతే మీకు బాధగా ఉంటుందా?’ అని అడగడం చేతకాక ‘పోతా’ అంటారు.

దానికి మన ఇళ్ళల్లో దొరికే జవాబులు మూడు. “పో, యాడికి పోతావో నేనూ చూస్తా” అని తలుపు బార్లా తెరవడం మొదటిది. పిల్లలకీ పౌరుషం ఉంటుంది. పొమ్మన్నాక నలుగురి ముందూ వెనక్కి రావడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. వీపు మీద రెండు వెయ్యడం రెండోది. దానివల్ల వాడు నేర్చుకునేది ఒకటే, ఈసారి చెప్పకూడదని. చెప్పి పోతానన్న పిల్లాణ్ణి ఆపుకోవచ్చు. చెప్పకుండా పోయేవాణ్ణి ఎలా ఆపుతాం? “బయట పిల్లల్ని పట్టుకుపోయేవాళ్ళున్నారు, పోలీసుకి పట్టిస్తా” అని బెదిరించడం మూడోది. రేపు నిజంగానే తప్పిపోతే, సాయం అడగాల్సిన ఆ పోలీసును చూసే వాడు దాక్కుంటాడు.

మా బోగోలు వాళ్ళకి ఈ మాట ఇంకాస్త గట్టిగా వినబడాలి. బిట్రగుంట స్టేషను మా పక్కనే. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో వెలిగిన చోటు. ఇప్పటికీ ఇటు నెల్లూరు, గూడూరు, చెన్నై, అటు కావలి, ఒంగోలు, విజయవాడ పోయే లైనిది. ఇంకోపక్క పెద్ద రోడ్డు. ఆరేళ్ళవాడి అలక వీధి చివరిదాకా పోయి ఆగుతుంది. అదే అలక పన్నెండేళ్ళకి రైలెక్కితే రాత్రికి ఎక్కడ తేలుతుందో చెప్పలేం. అందుకే ఆరేళ్ళప్పుడే వినాలి.

మనకి ఇది కొత్త సంగతేం కాదు. పోతన భాగవతంలో ధ్రువుడి కథ చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా. అయిదేళ్ళ పిల్లాడు తండ్రి ఒళ్ళో కూర్చోబోతే సవతితల్లి సురుచి అడ్డుకుని నానామాటలూ అంది. తండ్రి ఉత్తానపాదుడు నోరు మెదపలేదు. పిల్లాడు అడవికి పోయాడు. మనం వాడి పట్టుదలని మెచ్చుకుంటాం, ఆ తండ్రి మౌనాన్ని మాత్రం మాట్లాడుకోం. ఒళ్ళోకి తీసుకుని ఉంటే పోయేవాడా? ధ్రువుడికి దారిలో నారదుడు ఎదురయ్యాడు. మన పిల్లలకి ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎదురవుతారు?

ఒక్కోసారి మంచివాళ్ళే ఎదురవుతారు. ఇళ్ళొదిలి రైళ్ళల్లో వచ్చి చేరే పిల్లల కోసమే విజయవాడలో 1989లో నవజీవన్ బాలభవన్ మొదలైంది. అలాంటి పని అవసరమైందంటేనే ఎంతమంది పిల్లలు అక్కడ దిగుతున్నారో అర్థం చేసుకోవచ్చు. అన్నిసార్లూ మంచివాళ్ళే ముందు కనబడతారని ధైర్యంగా ఉండగలమా?

సరే, అసలీ మాట పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారు? మన దగ్గరే. “ఇట్టా చేస్తే హాస్టల్లో పడేస్తా” అని ఎన్నిసార్లంటాం! మనం పంపేస్తామంటే క్రమశిక్షణ, వాడు పోతానంటే పొగరా? ఎప్పుడైనా తనని బయటికి పంపించెయ్యగల ఇల్లిది అని వాడికి మనమే చెప్పాం. పంపించేలోపు నేనే పోతానని వాడంటున్నాడు.

ఇంకో మాట ఉంది. “నేను ఎటన్నా పోతే అప్పుడు తెలుస్తుంది మీకు!” ఇది అమ్మ మాట. అననివాళ్ళు మనలో తక్కువే. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పొద్దున్నించి రాత్రిదాకా చాకిరీ చేసినా ఎవరూ పలకనప్పుడు, ఆ మాటకే ఇంట్లో అందరూ తలెత్తి చూస్తారు. పిల్లాడు అదీ గమనిస్తాడు. వినబడాలంటే పోతానని అనాలి కాబోలు అనుకుంటాడు. కాబట్టి అమ్మ మాట మామూలుగా వినబడే ఇంట్లో పిల్లల మాటా వినబడుతుంది. ఇది అయ్యలకి కూడా చెప్పే మాట. పిల్లాడు అలిగితే “నీ పెంపకం” అని పేపరు వెనక దాక్కుంటే కుదరదు.

“ఇట్టా నెత్తికెక్కించుకుంటే ప్రతిదానికీ బెదిరిస్తాడు” అనేవాళ్ళున్నారు. వినడం వేరు, లొంగడం వేరు. టీవీ పెట్టనక్కర్లేదు. “టీవీ పెట్టను. నిన్ను పోనివ్వనూ పోనివ్వను. నీకు కోపమొచ్చిందని తెలిసింది. అన్నం తిని చెప్పు, వింటా” అంటే చాలు. తిన్నాక అడిగి వినాలి సుమా, మర్చిపోకూడదు. మా వీధిలో ఒక అవ్వ ఉంది. మనవడు సంచీ సర్దుకోగానే, “ఉండ్రా అబ్బయ్యా, నేనూ వస్తా, నా చెప్పులు యాడున్నాయో ఎతుకు” అంటుంది. చెప్పులు దొరికేలోపు కోపం పోతుంది. తనతో వచ్చే మనిషి ఒకరున్నారని తెలిశాక వాడికి పోవాల్సిన పనేముంది?

అన్ని బెదిరింపులూ ఇలా నవ్వుతో తీరవు. పదేళ్ళు దాటిన పిల్ల పదేపదే ఆ మాటే అంటున్నా, గుట్టుగా డబ్బులు దాస్తున్నా, మార్కుల కాగితం చూపించడానికి వణుకుతున్నా వెంటనే దగ్గర కూర్చోవాలి. “ఫలానా మామ వస్తే నేనింట్లో ఉండను” అంటే దాన్ని మొండితనం అనకండి. ఆ మాట అన్నది అన్నట్టుగా నమ్మి, ఒంటరిగా, నెమ్మదిగా అడగండి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా అంతే. చుట్టరికం చెడుతుందని ఊరుకుంటే పిల్లకి ఇల్లే భయమవుతుంది.

ఖర్మ చాలక పిల్లలు నిజంగానే కనబడకపోతే పరువని ఆగకండి. ఒక రోజు చూద్దామని అనుకోవద్దు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుని కేసుగా నమోదు చెయ్యాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో ముంబైలో మొదలైన 1098 నంబరు ఇప్పుడు ప్రభుత్వం చేతిలో ఉంది. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు. పోలీసులకి 112, రైల్వేవాళ్ళకి 139. ఈ మూడు నంబర్లూ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఒంటరిగా దొరికిన పిల్లల్ని 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకురావాలని 2015 నాటి చట్టం చెబుతోంది. అలాగే ఇంటి నంబరు, అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు పిల్లలకి నోటికి రావాలి. తప్పిపోతే ఖాకీబట్టల వాళ్ళ దగ్గరికే పొమ్మని ముందే నేర్పండి.

ఇంటికి తిరిగొచ్చిన పిల్లల్ని ఆ పూట కొట్టకండి, చుట్టాల ముందు నిలబెట్టి అడగకండి. ముందు అన్నం పెట్టండి. ఎందుకు పోయావన్నది మర్నాడు అడగొచ్చు. తిరిగి రావడం తప్పయిందని వాళ్ళకి అనిపిస్తే, ఈసారి గడప దగ్గర ఆగి వెనక్కి చూడరు.